అంచు మసి

గురవయ్య వెదురు చెక్కతో పిస్టన్ తల మీది మసిని గీకుతున్నాడు. ఇనుప ముక్కతో అయితే పని తొందరగా తెమిలేది కాని మెత్తటి లోహం మీద గీతలు పడతాయి. రాత్రంతా కిరసనాయిల్లో నానిన మసి పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. లేచిన పెచ్చును చిటికెన వేలితో తీసి డబ్బాలో వేస్తున్నాడు. ఏ సబ్బుకూ పోని నలుపు అతని గోళ్ల సందుల్లో ఎప్పుడో ఇంకిపోయింది.

కారు లక్ష్మీనరసయ్య శెట్టిది. ఆయనకు మార్కాపురంలో పలకల వ్యాపారం. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి పనుల మీద మాటిమాటికీ కొండల్లో ఘాటు రోడ్డు ఎక్కించి కారును అరగదీశాడు. గురవయ్య భార్య యల్లమ్మ పెళ్లికి ముందు నుంచీ ఆయన గనిలోనే పలకలు చీల్చింది. ఇప్పుడు కూర్చున్నా ఆమెకు ఆయాసమే. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు ఇక్కడి డాక్టరు. రైలెక్కిస్తే బొగ్గు పొగకు కంభం చేరకముందే ఊపిరాడక పెదవులు నల్లబడ్డాయి. దింపి వెనక్కి తెచ్చాడు గురవయ్య. తర్వాత కారు కోసం శెట్టి దుకాణానికి పోయి నిలబడ్డాడు.

"ఇస్తాలే గురవయ్యా. కానీ మసి పట్టి, ఘాటు ఎక్కలేక ఇంజను టకటకా కొట్టుకుంటాంది గదా. బాగుచేసుకొని పో," అన్నాడు శెట్టి.

షెడ్డు నీడలో గోడకు ఆనుకున్న యల్లమ్మ అతని చేతులనే చూస్తోంది.

"ఏమయ్యా, నా రొమ్ములో దుమ్ము గూడా అట్ల గీకరాదా?"

"నీకు వెదురు సాలదులే. గడ్డపార గావాల."

ఆమె నవ్వబోయి దగ్గింది. దగ్గు నిలిచేదాకా అతను చెక్క కదపలేదు.

"ఇది గూడా రైలు మాదిరి పొగ ఇడుస్తాదా?"

"ఇడవదు. నేను జేసిన బండి పొగెట్ల ఇడుస్తాది?"

పిస్టన్ నడుమంతా తెల్లగా వచ్చింది. అంచు చుట్టూ గాజులాంటి నల్లటి వలయం మిగిలింది. పని నేర్పిన సాయిబు ఆ అంచును ముట్టుకోవద్దన్నాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, ఇతను అడగలేదు. ఇన్నేళ్లుగా వదిలేస్తూనే వచ్చాడు. ఆ రోజు మాత్రం దాన్ని చూస్తుంటే పని సగంలో ఆపినట్టు అనిపించింది. ఆమె ఎక్కే బండిలో రవ్వంత మసి కూడా ఉండకూడదు. చెక్కను అంచుకు ఆనించి చుట్టూ గీకాడు. అన్ని పిస్టన్లూ అట్లాగే గీకి, గుడ్డతో తుడిచి, మెరుపు చూసుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక ఇంజను బిగించి తిప్పితే ఒక్కసారికే అందుకుంది. కొట్టుకోవడం లేదు. కాని వెనక గొట్టంలోంచి నీలం పొగ దట్టంగా వచ్చి షెడ్డంతా కమ్ముకుంది.

"ఏంది మామా, కారుకు చుట్ట ముట్టిచ్చినావా?" అన్నాడు శెట్టి డ్రైవరు ఎజ్రా.

గురవయ్య నవ్వలేదు. అరిగిన ఇంజనులో నూనె పైకెక్కి మండకుండా ఇన్నాళ్లూ ఆపింది ఆ అంచు మసేనని అతనికి అప్పుడు అర్థమైంది.

"అంచు గూడా గీకినా రా."

"అయితే ఏంది? మళ్లా మసి పట్టిందాకా తిప్పితే సరిపాయె."

"అందాకా మీ అత్త ఆగద్దా?"

యల్లమ్మ బట్టల మూట పట్టుకుని అప్పటికే వచ్చింది. పొగలోంచి నడిచి వెనక సీట్లో కూర్చుంది.

"రావయ్యా. రైలు కన్నా నయమే. నాకేం వాసన రాలా."

బండి పరుగెడుతున్నంతసేపూ పొగ వెనకబడుతోంది. ఎక్కడ నెమ్మదించినా లోపలికి వస్తోంది. ఆమె పైట ముఖం మీదికి లాక్కుని పక్కనున్న గురవయ్య భుజానికి ఒరిగింది. ఊపిరి తీసినప్పుడల్లా ఆమె రొమ్ములో పలక మీద పలక రాసినట్టు చప్పుడు. గిద్దలూరు దాటి ఘాటు మొదలయ్యేసరికి ఎండ కొండ కొసలకు చేరింది.

"మామా, విను. ఎంత మెత్తగా ఎక్కుతాందో. టక్కుమన్న సద్దే లేదు," అన్నాడు ఎజ్రా.

గురవయ్య విన్నాడు. నిజమే, ఇంజను చప్పుడు శుభ్రంగా వినిపిస్తోంది. అది తప్ప ఇంకేమీ వినిపించడం లేదు. తన భుజం మీది చప్పుడు ఏ మలుపులో ఆగిపోయిందో అతను గమనించలేదు.

ఆమె మెడ మీద వేళ్లు ఆనించి చూశాడు.

"ఎజ్రా, బండి తిప్పు నాయనా."

"ఇంకేముంది మామా, పైకొచ్చేసినాం గదా?"

"తిప్పు. మీ అత్త పోయింది."

ఎజ్రా ఇరుకు దారిలో ముందుకూ వెనక్కీ తోస్తూ బండి తిప్పాడు. ఆ కుదుపుకు ఆమె ముఖం మీది పైట జారింది. ముక్కుకు ఆనించుకున్న చెయ్యి ఒళ్లోకి వాలి, వేళ్లు విడివడ్డాయి. అరచేతిలో నిమ్మకాయ ఉంది, తొక్క నిండా గోటి గాట్లతో.