గొడుగు పట్టుకున్న మనిషి

ఆ వాసనను మొదట పసిగట్టింది డోరా టీచరమ్మే.

"ఏదో పాడైందండీ ఈ గదిలో," అంది ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. "ఎలుక చచ్చిందేమో చూడండి."

"ఎలుక గాదు టీచరమ్మా, మన సినిమా హీరో నీలాద్రిరావు అత్తరు అది," అన్నాడు బ్రహ్మచారి.

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. అది ఎలుక వాసన కాదని నాకు తెలుసు. అత్తరు వాసన అంతకంటే కాదు. ముగ్గిపోయిన పండు మీద బాత్రూం కడిగే యాసిడ్ పోసినట్టు ఉండేది. ఇంటికి వెళ్లాక కూడా రాత్రి దాకా తల దిమ్ముగా ఉండేది.

బోయిగూడలో బ్రహ్మచారి ఇంటి మేడ మీద ఒక రేకుల గది ఉంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అక్కడ నలుగురం కూర్చుని పాత సినిమాల గురించి మాట్లాడుకుంటాం. బ్రహ్మచారి ముప్పై ఐదేళ్లు సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేశాడు. ఆ హాల్లోనే మా ఆయన గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. హరికిషన్ బేగంపేటలో ఒక హోటల్లో పనిచేసి రిటైరై, ఇప్పుడు బొల్లారంలో ఉంటున్నాడు. డోరా టీచరమ్మ మా వీధిలోనే ఉంటుంది. మా ఆయన పోయాక, నా యాభై ఎనిమిదో ఏట, నా చేత అక్షరాలు దిద్దించింది ఆమే. ఇప్పుడు నాకు ఎనభై.

"రాజంటే నీలాద్రిరావు లెక్క నడవాలె," అన్నాడు హరికిషన్ ఆ రోజు. "క్యా చాల్ హై! సింహం నడిచినట్టే."

"రాజు వేషంలోనూ అదే నడక, బిచ్చగాడి వేషంలోనూ అదే నడక," అంది టీచరమ్మ. "అరికాల్లో మేకు దిగినట్టు."

"అరె, గంత మాటంటరా టీచర్! ఆయన కండ్లు చూసిండ్రా ఎప్పుడన్న?"

"కాటుక సందున కళ్లు కనబడితే కదండీ చూడటానికి."

"అవన్ని పక్కకు వెట్టుండ్రి," అన్నాడు బ్రహ్మచారి. "హంసవేణి ఏడిస్తే హాల్ మొత్తం ఏడుస్తుండె. ముందు బెంచీలోల్లు కండ్లు తుడుసుకునే దాంక నేను రీలు మార్చకపోతుంటి."

"జూటా మాట! ఎవరో ఏడుస్తుండ్రని రీలు ఆగుతదా బ్రహ్మచారి సాబ్?"

"నువ్వు క్యాబిన్ల ఉన్నవా, నేనున్ననా?"

టీచరమ్మ నా వైపు తిరిగింది. "మీకెవరు ఇష్టమో చెప్పండి విమలమ్మగారూ."

"కాశీభట్ల రంగయ్య," అన్నాను.

ముగ్గురూ ఒక్కసారే గోల చేశారు. "ఏంది పెద్దమ్మా, విలన్ పార్టీల కలిసినవా?" అన్నాడు హరికిషన్.

"పాపం, ప్రతి సినిమాలోనూ చచ్చేది ఆయనే కదా," అన్నాను.

ఎవరి మాట ఎటు పోయినా చివరికి 'చందనద్వీపం' దగ్గరికే వచ్చి ఆగేవాళ్లం. డెబ్బై ఏళ్ల కిందట మద్రాసులో తీసిన సినిమా అది. నీలాద్రిరావు రాజు, హంసవేణి రాణి. ఇప్పుడది ఎక్కడా దొరకదు. హాలును కూలగొట్టే ముందు, క్యాబిన్ మెట్ల కింద చెత్తలో బ్రహ్మచారికి దాని రీలు డబ్బాలు రెండు కనబడ్డాయి. పాటల రీలు బ్రహ్మచారి ఉంచుకున్నాడు. పట్టాభిషేకం రీలును హరికిషన్ ముచ్చటపడి తీసుకుపోయి, తన పూజగదిలో దేవుళ్ల పటాల పక్కన పెట్టుకున్నాడు.

ఆ పట్టాభిషేకంలో మా ఆయన ఉన్నాడు.

పెళ్లికి ముందు, పంతొమ్మిదేళ్లప్పుడు, సముద్రం చూద్దామని మేనమామతో మద్రాసు వెళ్లాడట. స్టూడియో గేటు దగ్గర నిలబడితే పొడుగ్గా ఉన్నాడని లోపలికి పిలిచి, సింహాసనం వెనక గొడుగు పట్టించారట. "నీలాద్రిరావుకు నీడ వట్టింది నేనే," అని బతికినంత కాలం చెప్పాడు. నేను ఆ సినిమా చూడలేదు. ఆయనది నా దగ్గరున్నది ఒక్కటే ఫోటో, రేషన్ కార్డు కోసం తీసింది. అందులో ఆయన పళ్లూడిన మనిషి. పంతొమ్మిదేళ్ల ముఖం ఎలా ఉండేదో నాకు తెలియదు.

బ్రహ్మచారి జుమ్మేరాత్ బజారులో సినిమా ఆడించే పాత మిషను ఒకటి కొని, ఏడాదిగా దాన్ని బాగుచేస్తున్నాడు. మే నెలలో నీలాద్రిరావు జయంతి వస్తుంది. "ఆ రోజు గోడ మీద బొమ్మ ఆడిస్త వదినె," అన్నాడు నాతో. "అన్నను నువ్వు చూడాలె."

జయంతికి నెల ముందు ఒక ఆదివారం, బ్రహ్మచారి తన డబ్బా తెరిచాడు. మూత గట్టిగా పట్టేసి ఉంటే స్క్రూడ్రైవరు పెట్టి లేపాడు. వాసన గుప్పున కొట్టింది. మూతను నా ఒళ్లో పెట్టి, ముగ్గురూ రీలు మీదకు వంగారు. ఫిల్ము అంచుల్లో తేనె రంగు జిగురు పట్టి ఉంది. కింద గోధుమరంగు పొడి రాలింది.

వాళ్లు ఫిల్ము చూస్తుంటే నేను మూత చూశాను. లోపలి వైపు ఒక కాగితం అతికించి ఉంది. ఎక్కడ అక్షరాలు కనబడితే అక్కడ చదవడం నాకు అలవాటు. బస్సు మీదివి, గోడ మీదివి, మందు సీసా మీదివి, ఏవైనా సరే. పాత రోజుల అచ్చు కాబట్టి కూడబలుక్కుని చదివాను.

'హెచ్చరిక. ఈ ఫిలుము మిక్కిలి మండు స్వభావము గలది. నిప్పునకు, దీపమునకు, ఎండకు దూరముగా ఉంచవలెను. అంటుకొనిన యెడల నీటితో ఆరదు.'

రెండోసారి చదివాను. తల ఎత్తి, మామూలుగా అడిగినట్టు అడిగాను. "నిప్పు తగిలితే ఏమవుతుంది బ్రహ్మచారీ దీనికి?"

"ఏమైతది? ముప్పై ఐదేండ్లు క్యాబిన్ల బీడీ తాగిన. ఫిల్ము మండది వదినె. జెర ముడుసుకుంటది, గంతే."

అప్పుడే చెప్పవలసింది. మూత అతని చేతికిచ్చి ఇది చదువు అంటే సరిపోయేది. కానీ టీచరమ్మ సంగతి నాకు తెలుసు. ఆమె వింటే సాయంత్రానికల్లా ఎవరికో ఒకరికి ఫోను చేస్తుంది. వాళ్లు వచ్చి రెండు డబ్బాలూ పట్టుకుపోతారు. గొడుగు పట్టుకున్న మనిషి వాటితో పాటే పోతాడు. ఇన్నేళ్లూ ఏమీ కాలేదు, ఇంకొక్క నెలలో ఏమవుతుందిలే అనుకున్నాను. మూత బోర్లా తిప్పి పక్కన పెట్టాను.

ఆ నెలలో ఎండలు ముదిరాయి. రేకుల గదిలో కూర్చుంటే నెత్తి మీద పెనం పెట్టినట్టుండేది. డబ్బా పక్కన బ్రహ్మచారి పెట్టుకునే కత్తెర రెండు వారాల్లో తుప్పెక్కింది. "వానలు లేవు, ఏం లేవు, గిదేంది?" అని వేరే కత్తెర కొన్నాడు. మూడో ఆదివారానికి అదీ మచ్చలు తేలింది. డబ్బా మూత నడుమ కాస్త పైకి ఉబ్బింది. నేను రోజులు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. హరికిషన్‌కు ఫోను చేసి, "జయంతి నాడు నీ రీలు మరిచిపోకుండా తీసుకురా నాయనా," అని చెప్పింది కూడా నేనే.

జయంతి నాడు పదకొండు గంటలకు హరికిషన్ ఫోను చేశాడు. బ్రహ్మచారి అందరికీ వినబడేలా పెట్టాడు.

"బైలెల్లుతున్న. డబ్బాను డిక్కీల వెట్టిన, ఎండ తగలకుండ. మూత ఉబ్బి లేస్తుండె, తాడుతోని గట్టిగ కట్టిన. మా ఆమె పొద్దుగాల దానికి హారతి సుత ఇచ్చింది. పెద్దమ్మకు చెప్పుండ్రి, ఇయాల పెద్దనాయినను తోల్కొస్తున్న అని!"

"మెల్లగ రా. ఎండ జోరుగుంది," అన్నాడు బ్రహ్మచారి. ఫోను పెట్టేశారు.

స్కూటర్‌లో సీటు కిందే డిక్కీ. దాని కిందే ఇంజను. బొల్లారం నుంచి బోయిగూడకు ఈ ఎండలో గంటకు తక్కువ పట్టదు. వచ్చేస్తాడులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

బ్రహ్మచారి తన డబ్బాను స్టూలు మీద పెట్టి, బంతిపూల దండ వేశాడు. వెనకటి రోజుల్లో కొత్త సినిమా డబ్బాలు స్టేషను నుంచి హాలుకు వస్తే గేటు దగ్గర కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చేవారు. పళ్లెం పట్టేది మా ఆయనే.

"వదినె, ఈసారి పళ్లెం నువ్వు వట్టు," అన్నాడు. "అన్న వట్టినట్టుంటది."

పళ్లెం నా చేతుల్లో పెట్టి, ఒకటికి నాలుగు కర్పూరం బిళ్లలు వేసి అంటించాడు. మంట జానెడు లేచింది. టీచరమ్మ దగ్గుతూ కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడింది. "ఆ వాసన ఇవాళ మరీ ఘాటుగా ఉందండీ," అంది.

"తిప్పు వదినె."

దండ కింద మూత ఉబ్బి కనబడుతోంది. మూతకూ డబ్బాకూ నడుమ సన్నని సందు ఏర్పడింది. అందులోంచి జిగురు బొట్టు ఒకటి జారి స్టూలు మీద పడింది. పళ్లెం పట్టుకున్న నా చేతులు ముందుకు కదల్లేదు. వెనక్కి తిరిగి గది దాటి డాబా మీదికి నడిచాను. పళ్లెం పిట్టగోడ మీద పెట్టాను.

"ఏమైంది వదినె?"

"ఆ మూత లోపల ఒక కాగితం ఉంది," అన్నాను. "చదువు."

వాళ్లిద్దరూ కలిసి చదివారు. టీచరమ్మ ముఖం పాలిపోయింది. బ్రహ్మచారి మాత్రం పెద్దగా నవ్వాడు.

"గీ కాయితం జూసి బుగులు వడ్డవా? హాల్ గేటు కాడ బోర్డు సుత చదవరాకుండె నీకు. ఇయాల నాకు ఫిల్ము సంగతి చెప్తున్నవ్!"

"చదవడం రానిది అప్పుడు. ఇప్పుడు వచ్చు," అంది టీచరమ్మ.

"సరే, మీ ఇద్దరి ముందటనే చూపిస్త."

రీలు చివర నుంచి రెండు వేళ్లంత ముక్క కత్తిరించి డాబా మీదికి తెచ్చాడు. కర్పూరం మంటకు దాన్ని తాకించాడు. తాకించాడో లేదో కూడా నాకు సరిగా కనబడలేదు. బుస్సుమని తెల్లటి మంట అతని ముఖం దాకా లేచింది. కేక పెట్టి ముక్కను బట్టలు నానబెట్టిన బకెట్లో పడేశాడు. నీళ్లలో కూడా అది బుడగలు కక్కుతూ, పసుపు పొగ వదులుతూ, చివరి దాకా మండింది.

బ్రహ్మచారి కనుబొమల చివర్లు మాడిపోయాయి.

"మా ఉస్తాద్ చెప్తుండె," అన్నాడు బకెట్‌లోకి చూస్తూ. "ఎనుకటి ఫిల్ము వేరే ఉండె, దానితోని జాగ్రత్త అని. నేను నవ్వుతుంటి."

"రీలు సంగతి తర్వాత," అంది టీచరమ్మ. "హరికిషన్‌గారు ఎక్కడున్నారు?"

ఫోను చేశాం. మోగి మోగి ఆగిపోయింది. స్కూటర్ మీద ఉంటే అతను ఫోను ఎత్తడు. ఆ మంచి అలవాటును ఎన్నోసార్లు మెచ్చుకున్నాం. మళ్లీ చేశాం. బ్రహ్మచారి తన డబ్బాను తడి గోనెపట్టాలో చుట్టి, దూరంగా పిట్టగోడ నీడలోకి చేర్చాడు. లేచి నా దగ్గరికి వచ్చాడు.

"వదినె, ఆ కాయితం ఎప్పుడు చదివినవ్?"

అబద్ధం చెప్పవచ్చు. ఇప్పుడే అనవచ్చు.

"నెలైంది," అన్నాను.

టీచరమ్మ నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. ఇరవై రెండేళ్లలో ఆమె నన్ను అలా చూడటం అదే మొదలు. నాకు అక్షరాలు రాయించిన చేత్తోనే మళ్లీ ఫోను నొక్కింది.

కిందికి దిగి సందు మొదట్లో నిలబడ్డాం. మధ్యాహ్నం పన్నెండయింది. రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. వచ్చే ప్రతి స్కూటర్ చప్పుడుకూ బ్రహ్మచారి రెండడుగులు ముందుకు వేసి ఆగిపోతున్నాడు. ఎక్కడో సైరను మోగితే టీచరమ్మ కళ్లు మూసుకుంది. అది దూరంగా స్టేషను వైపు వెళ్లిపోయింది.

పన్నెండుంబావుకు హరికిషన్ మలుపు తిరిగాడు. తెల్ల చొక్కా, ముందు బుట్టలో కొబ్బరికాయ. మమ్మల్ని ముగ్గురినీ చూసి చెయ్యి ఊపాడు. స్వాగతం చెప్పడానికి వచ్చామనుకున్నట్టున్నాడు. అతని కంటే ముందు ఆ వాసన వచ్చింది.

"ఆగు! అక్కడనే దిగు! దూరం ఉరుకు!" అని బ్రహ్మచారి అరిచాడు.

హెల్మెట్‌లో అతనికి ఏం వినబడిందో తెలియదు. సరిగ్గా మా ముందుకు వచ్చి, ఎండలోనే బండి ఆపాడు. దిగి, హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుంటూ నన్ను చూసి నవ్వాడు.

"తెచ్చిన పెద్దమ్మా. సీటు మస్తు కాలుతుంది. ఇంజన్ల ఏదో తక్లీఫ్ ఉన్నట్టుంది."

సీటు అంచు కింద నుంచి సన్నగా, పసుపుపచ్చగా పొగ వస్తోంది. అతను దాన్ని చూడలేదు. తాళంచెవి తీసి డిక్కీ వైపు వంగాడు.

"తెరవకు నాయనా!" అన్నాను. పక్కనుంచి పోతున్న బస్సు హారనులో నా మాట కొట్టుకుపోయింది. రెండు చేతులతో అతని చొక్కా పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి వెనక్కి లాగాను.

"అరె, ఏంది పెద్దమ్మా, గంత తొందర?" అని నవ్వాడు. "చూపిస్త, ఆగు."

తాళంచెవి అప్పటికే తిరిగింది.