నాటు ఆగిన మడి

గుర్వమ్మ చేతిలోని సద్దిగిన్నెను కమలాకర్ పటేలు కర్రతో నెట్టాడు. బువ్వ బురదలో పడింది.

"టీబీదాన్ని నా మడిల దింపుతరా? నడువ్ బయటికి!"

నాట్లేసే ఆడకూలీల ముఠాను హాలియా కాలువ కింది పొలానికి తోలుకొచ్చిన భిక్షపతి తన ట్రాలీ ఆటో పక్కన నిలబడి చూశాడు. ఇది అతనికి కొత్త కాదు. రెండేళ్ల కిందట ఇదే జబ్బు వచ్చిన అతని భార్య రమను ముఠాలోంచి వెళ్లగొట్టడానికి పటేలు కర్ర కూడా ఎత్తలేదు. అవసరం రాలేదు. ముఠా పెద్ద ఉప్పలమ్మే, "నీ దగ్గుతోని మా కూలి వోతది, ఇంట్ల ఉండు" అన్నది. చెంబెడు నీళ్లు ఇచ్చినవాళ్లు లేరు. దవాఖానకు పోతే నలుగురూ చూస్తారని రమ మందులు మానింది. చనిపోయింది. ముఠాలోని ఇరవై మంది ఇళ్ల నుంచి పాడె పట్టడానికి ఒక్కరూ రాలేదు.

ఆ తర్వాత ఆశా వర్కర్ గ్రేస్ ముఠాను కూర్చోబెట్టి నెలల తరబడి చెప్పింది. గుర్వమ్మ తన జబ్బు సంగతి తానే బయటపెట్టింది. రోజూ మడిలో దిగే ముందు అందరి ఎదుటా గోలీలు మింగుతోంది. రమ పోయాక వచ్చిన తెలివి!

"రెండు నెలల సంది మందులు వాడుతాంది పటేలా," అన్నది ఉప్పలమ్మ. "ఇగ అంటుకోదన్నది డాక్టరమ్మ."

"అయితే కాయితం తే. లేకుంటే రేపు బీహారు కూలోళ్లను దింపుత."

ముఠాలోని అండాలు గొణిగింది. "దీని ఒక్కదాని కోసం అందరం పస్తులుండాల్నా అక్కా?"

భిక్షపతి నవ్వాడు. "గట్టిగ అను అండాలూ. రమను గూడ గిదే మాట అన్నవ్ గద."

అండాలు తల దించుకుంది. ఉప్పలమ్మ చేతిలోని నారుకట్టను ఒడ్డు మీదికి విసిరింది.

"దానికొక్కదానికే ఎందుకు కాయితం? అందరం పోయి పరీక్ష చేయించుకుంటం. నువ్వు గూడ రా పటేలా, పరీక్ష డబ్బాల తెమడ ఊంచుదువు. గిదే గాలి పీలుస్తున్నవ్ గద!"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు.

"పీకిన నారు ఎండిపోతది!" అని అరిచాడు పటేలు.

"ఎండనీ. గుర్వమ్మ దిగినంకనే మేం దిగుతం."

"పోలీసులకు ఫోన్ జేస్త!"

"చెయ్. వాళ్లకు గూడ డబ్బాలున్నయ్," అన్నది అండాలు. అందరికన్నా ముందు ఒడ్డెక్కింది ఆమే.

బురద కాళ్లతో ఇరవై మందీ ఆటో దగ్గరికి వచ్చారు. ఉప్పలమ్మ భిక్షపతి ముందు ఆగింది.

"తమ్ముడా, రమ కాడ తప్పు జేసినం. మాఫ్ చెయ్."

"చెయ్య. నేను సచ్చేదాక చెయ్య." అతను ఆటో స్టార్ట్ చేశాడు. "గుర్వమ్మను ముందల, నా పక్కకు కూసోపెట్టు. మీరు ఎనక ఎక్కుండ్రి. జల్ది, దవాఖాన బందైతది."