రాణిగారిని కాపాడేంత సేపు

ఏప్రిల్ ఆఖరి రోజున మటౌరా నదికి ఇద్దరు కొత్తవాళ్లను తీసుకెళ్లాను. నేర్పడానికని చెప్పాను. నిజానికి నాకు సాక్షులు కావాలి.

ఆ రోజుతో ట్రౌట్ పట్టే కాలం ముగుస్తుంది. ఆ ఏడాది నాకు ఒక్క చేపా పడలేదు. గాలానికి ఈకలూ దారమూ చుట్టి, ఈగలా చేసి నీళ్ల మీద వదలడం మా పద్ధతి. మా చేపల వేట క్లబ్బులో కొత్తవాళ్లకు అది నేర్పేది నేనే. "చేప పట్టని మాస్టారు మనకెందుకు?" అని కమిటీలో రాయ్ అడిగాడు. ఆ తరగతి మీద రాయ్‌కి ఎప్పటినుంచో కన్నుంది. సాయంత్రం ముగింపు విందులో తేల్చేస్తానంది అధ్యక్షురాలు మేవిస్. మా క్లబ్బులో ఎవరి మాటా ఎవరూ నమ్మరు. చేప చేతివలలో పడటం ఇంకొకరు చూస్తేనే లెక్క.

సాక్షుల్లో ఒకడు మా ఆవిడ తమ్ముడు గార్త్, బస్సు డ్రైవరు. రెండో ఆవిడ నొయెలీన్, పళ్ల డాక్టరు. ఇద్దరూ ఆ ఏడాదే నా తరగతిలో చేరారు.

వాళ్లను ఒడ్డున కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను.

"ట్రౌట్ ఈగను నోట్లోకి తీసుకోగానే గాలం కర్ర ఎత్తకూడదు. ఎత్తితే జారిపోతుంది. అది నోరు మూసుకుని కిందికి తిరిగేదాకా ఆగాలి. జాతీయగీతంలో లాగా 'దేవుడు రాణిగారిని కాపాడుగాక' అనుకునేంత సేపు. మా నాన్న నాకు అలాగే నేర్పాడు."

"రాణిగారు పోయారు కదా బావా," అన్నాడు గార్త్.

"మాట మాత్రం అదే. మార్చకూడదు."

"మరి ఆవిడ్ని ఇప్పుడు దేన్నుంచి కాపాడాలంటావ్?"

"నోర్మూసుకుని చూడరా."

మధ్యాహ్నం నీళ్ల మీద ఈగలు లేచాయి. విల్లో చెట్టు కొమ్మల కింద ఒక ట్రౌట్ మూతి పైకెత్తి వాటిని తింటోంది. నా ఈగను దానికి కాస్త ఎగువన వదిలాను. చేప వచ్చింది, నోరు తెరిచింది. నేను గొణుగుతూ "దేవు" దగ్గరే కర్ర ఎత్తేశాను. ఈగ ఎగిరొచ్చి నా టోపీకి గుచ్చుకుంది.

"పాపం, రాణిగారి దాకా పోనేలేదు," అంది నొయెలీన్.

రెండోసారి "దేవుడు" దాకా వెళ్లాను.

"పర్లేదు మాస్టారూ, ఒక అక్షరం ముందుకెళ్లాం. నేనోసారి చూడనా?"

చూడమన్నాను. ఆవిడ విసిరిన దారం నీళ్లలో కుప్పగా పడింది. దాన్ని సాపు చేయడం ఎలాగో చెప్పబోయేలోగా ప్రవాహమే సాపు చేసింది. దిగువన ఇంకో ట్రౌట్ ఈగను అందుకుంది. నొయెలీన్ నిటారుగా నిలబడి, బడిలో ప్రార్థన చెప్పినట్టు, మాట మొత్తం పైకి చెప్పి అప్పుడు కర్ర ఎత్తింది. చేప చిక్కింది. గార్త్ వల పట్టాడు.

"మీరు చెప్పినట్టే చేశానండీ," అంది.

నా పాఠం అంత బాగా పనిచేస్తుందని నాకూ అప్పుడే తెలిసింది.

సిగ్గు పక్కన పెట్టి ఆవిడ్నే అడిగాను. "మీరు పైకి అనండి. మీరు ముగించాకే నేను ఎత్తుతాను."

విల్లో కింది చేప మళ్లీ తినడం మొదలుపెట్టింది. ఈగను వదిలాను. అందుకుంది.

"దేవుడు..." అంది నొయెలీన్.

"రాజుగారిని అనండి," అన్నాడు గార్త్.

"మాస్టారు రాణిగారనే అనమన్నారు."

"సింహాసనం మీదున్నది రాజండీ. కాపాడాల్సింది ఆయన్నేగా."

"ఎవర్నో ఒకర్ని కాపాడి చావండి!" అని అరుస్తూ కర్ర ఎత్తాను. చేతికి బరువు తగిలింది.

చేప అవతలి ఒడ్డు దాకా లాక్కుపోయింది. తిరిగొచ్చింది. మళ్లీ పోయింది. చివరికి పక్కకు ఒరిగి నా మోకాళ్ల దగ్గరికొచ్చింది. గార్త్ వలతో పరుగెత్తుకొచ్చి తోకవైపు నుంచి ఒక్క ఊపున తోడాడు. వల అంచు దారానికి తగిలింది. చేప పోయింది. వలలో విల్లో ఆకులు మిగిలాయి.

"బావా..."

"ఏం మాట్లాడకు."

విందులో వేట మాంసం పళ్లేలు తీసేశాక మేవిస్ నావైపు తిరిగింది. "ఏం డూగల్, వలలో పడిందా?"

నేను నోరు తెరవక ముందే గార్త్ లేచాడు. "పడిందండీ. వల పట్టింది నేనే."

ఆగడం చేతకాని నేను అక్కడ ఆగాను. రాణిగారిని, రాజుగారిని, వాళ్ల బంధువులను కూడా కాపాడేంత సేపు ఆగాను. గార్త్ చెవులు ఎర్రబడ్డాయి. నొయెలీన్ తన గ్లాసు వైపు చూస్తోంది.

"పడలేదు," అన్నాను. "వల అంచు తగిలి పోయింది."

మేవిస్ తరగతిని రాయ్‌కి ఇచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. కాసేపటికి రాయ్ కేకు పళ్లెంతో నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

"మొదటి పాఠానికి నువ్వు రావాలోయ్. కర్ర ఎలా ఎత్తకూడదో చూపించాలిగా. నీ అంత బాగా ఎవడు చూపిస్తాడు?"

వస్తానన్నాను. పాఠాలు అక్టోబరులో మొదలవుతాయి. ఈలోగా సాధన గీధన పెట్టుకోవద్దని రాయ్ మరీమరీ చెప్పాడు.