మెట్టె కట్టిన ఎడమ బూటు

నేను ఒక ఎడమకాలి బూటును. కుడిది లేదు. ఎందుకు లేదో చెప్పడానికే నోరు విప్పాను. లేకపోతే ఊరికే మాట్లాడే అలవాటు బూట్లకు లేదు.

నేను పుట్టింది ఒక రేకుల షెడ్డులో. రబ్బరును అచ్చులో నొక్కారు, పైన బట్ట అంటించారు, కుట్టారు. నా కుట్టు వంకరపోయింది. తప్పు మిషను తొక్కినవాడిది. శిక్ష నాకు పడింది, నాతోపాటు ఏ వంకరా లేని కుడివాడికీ పడింది. ఇద్దర్నీ రెండో రకం గుట్టలోకి విసిరారు. అక్కడెవడో మా తాళ్ళు కలిపి ముడేశాడు. మా పెళ్ళి అదే. మంత్రాల్లేవు, భోజనాల్లేవు. ముడి మాత్రం గట్టిది.

విజయనగరం గంటస్తంభం దగ్గర తోపుడుబండికి వేలాడుతుంటే సీతయ్యమ్మ మమ్మల్ని బేరమాడి కొన్నది. ఆమె భర్త దాలినాయుడు కౌలురైతు. కామెర్లతో చావు దాకా వెళ్ళి లేచిన మనిషి. కాళ్ళలో సత్తువ రావాలంటే రోజూ నడవమని డాక్టరు చెప్పాడు.

"నాకు బూట్లేటే? నానేటి కలెక్టర్నా?" అన్నాడు ఆయన.

"కలెక్టరు కాకపోతే కాళ్ళుండవేటి?" అంది ఆమె.

ఆయన మమ్మల్ని మంచం కిందకు తోశాడు. ఆ ఇంటి సంగతులన్నీ అక్కడినుంచే విన్నాను. భర్త ఆస్పత్రిలో ఉన్నప్పుడు సీతయ్యమ్మ సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది. మనిషి లేచి తిరిగితే ఆషాఢ పున్నమికి తన కాళ్ళతో సింహాచలం కొండ చుట్టూ తిరిగి వస్తానని. ముప్పైరెండు కిలోమీటర్ల దారి. మనిషి లేచాడు. ఆషాఢం రాకముందే జ్వరం తగిలి ఆమె పోయింది. అడిగింది ఇచ్చాడు, అడగనిది తీసుకున్నాడు. దేవుళ్ళ బేరాలు నాకు తెలియవు. తోపుడుబండివాడు మాత్రం అలా చెయ్యడు.

కాటికి తీసుకెళ్ళే ముందు ఆమె కాలి మువ్వల మెట్టెలు తీసి దాలినాయుడి చేతిలో పెట్టారు. చుట్టాలంతా వెళ్ళిపోయాక ఆయన మంచం కిందకు చెయ్యి చాపి మమ్మల్ని బయటికి లాగాడు. ఇంట్లో కూర్చోలేకపోయాడు. నడిస్తే ఎవరో ఒకరు పక్కన చేరి ఓదారుస్తారు. అందుకని పరిగెత్తాడు. పొద్దున పొలంగట్ల మీద, సాయంత్రం రైలుకట్ట వెంట. పరిగెత్తేవాణ్ణి ఓదార్చడం ఎవరివల్లా కాదు.

ఆషాఢ పున్నమికి రెండు రోజుల ముందు సీతయ్యమ్మ అక్క అప్పయ్యమ్మ వచ్చింది.

"మొక్కు ఉండిపోయింది మరిదీ. ఇంటోల్లెవరో ఒకలు తిరగాల."

"నాను తిరగను. ఆ సామితో నాకు పని నేదు వదినా."

"నీ పని కాదు. అది దాని మాట."

ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. తర్వాత మెట్టెలు తెచ్చి, చెరొకటి మా తాళ్ళలో దూర్చి ముడేశాడు.

"ఓలమ్మా! మెట్టెలు బూట్లకి కడతావేటి? కళ్ళు పోతాయి!"

"దాని కాళ్ళతో తిరుగుతానని మొక్కింది. జేబులో ఏసుకెల్తే తిరిగినట్టా?"

వదినకు మోకాళ్ళ నొప్పులు. కొండ కింద తొలిపావంచా మెట్ల దగ్గర కూర్చుని ఉంటానంది. అంతటితో ఊరుకోలేదు. "రెండూ తిరిగి రావాల మరిదీ. ఒక్కటే వత్తే మొక్కు తీరనట్టే" అని కూడా అంది.

జనం ఎక్కువగా మధ్యాహ్నం దాటాక బయల్దేరతారు. ఆయన తెల్లవారగానే తొలిపావంచాకు చేరాడు. అప్పటికే కొబ్బరికాయలు పగులుతున్నాయి. పక్కన చెప్పుల గుట్ట. మనుషుల సంగతి ఇది. అంతదూరం మోసుకొచ్చినవాళ్ళను గుట్టలో పారేసి, స్వామి చుట్టూ మాత్రం ఉత్తకాళ్ళతో వెళతారు. మేకు గుచ్చుకుంటే అదీ స్వామి దయే అంటారు.

"తాతా, బూట్లిప్పీ!" అని కండువా వేసుకున్న ఒకడు అరిచాడు.

"ఇప్పను" అని దాలినాయుడు పరుగందుకున్నాడు.

"పోలీసులు ఎంటబడ్డారేట్రా ఆయనకి?" అని వెనక నవ్వులు.

అడివివరం దాటాం. హనుమంతవాక దాటాం. సన్నగా తుంపర. దారి పొడవునా మజ్జిగ, పులిహోర పంచేవాళ్ళు. "తాగెల్లు బాబూ" అంటే ఆగలేదు. ఎందుకు ఆగలేదో నాకు తెలుసు. అడుగు పడ్డప్పుడల్లా మెట్టె మోగుతోంది. ఒకసారి కుడివాడిది, ఒకసారి నాది. సీతయ్యమ్మ ఇంట్లో గచ్చు మీద తిరుగుతుంటే మంచం కిందికి వినిపించిన చప్పుడే అది. ఆగితే ఆ చప్పుడూ ఆగుతుంది.

జోడుగుళ్ళపాలెం దగ్గర సముద్రం వచ్చింది. కొండ చుట్టూ తిరిగేవాళ్ళు అక్కడ స్నానం చేసి ముందుకు పోతారు. ఆమె అయినా చేసేదే. మెట్టెలు నీళ్ళలో జారిపోతాయేమోనని ఆయన మమ్మల్ని విప్పి, పొడి ఇసుక చూసి పెట్టి, పైన చొక్కా మడిచి కప్పాడు. పొలం తెలిసిన మనిషి. కాలవలో నీరు చెప్పిన చోటే ఉంటుంది. పున్నమి పోటు పొడి ఇసుకను లెక్కచెయ్యదని ఆయనకు ఎవరు చెప్పాలి?

ఆయన మూడో మునక వేస్తుండగా ఒక అల మా దాకా వచ్చింది. చొక్కా పోయింది. నేను పడవ కట్టిన తాడుకు చిక్కుకున్నాను. కుడివాడు చిక్కుకోలేదు. ఒకసారి నీళ్ళమీద తేలాడు. తర్వాత లేడు.

దాలినాయుడు మెడ లోతుకు వెళ్ళి వెతికాడు. ఇద్దరు జాలరులు రెక్క పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చారు.

"ఏటి పోయింది బావా? గొలుసా?"

"బూటు."

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. "బూటు కోసం పేనం తీసుకుంటావేటి? కొత్తది కొనుక్కో!"

మెట్టె సంగతి ఆయన చెప్పలేదు. చెబితే నవ్వు ఆగేది. వాళ్ళ జాలి ఆయనకు అక్కర్లేదు.

"పున్నమినాడు ఎవుడైనా అంత కింద పెడతాడా?" అన్నాడు జాలరి. "సముద్రం ఉంచుకోదులే. ఏదో ఒక ఒడ్డుకి తోసేత్తాది."

"ఎప్పుడు?"

"దాన్నే అడుగు."

ఆయన అడగలేదు. నన్ను తొడుక్కుని లేచాడు. అక్కడినుంచి ఎడమకాలికి నేను, కుడికాలికి ఏమీ లేదు. ఒక కాలు భక్తుడిది, ఒక కాలు విరోధిది. వేంకోజీపాలెం, కంచరపాలెం, మాధవధార. ఒక అడుగుకు మెట్టె మోగుతుంది, ఇంకో అడుగుకు మోగదు. ఆ మోగని చోట ఆయన ప్రతిసారీ తడబడ్డాడు. గోపాలపట్నం దాటేసరికి తడి తారు మీద కుడికాలి అడుగులు ఎర్రగా పడుతున్నాయి. ఎవరో దండం పెట్టారు. ఆయన మొహం తిప్పుకున్నాడు.

తొలిపావంచా దగ్గర అప్పయ్యమ్మ ముందు ఆయన మొహం చూడలేదు, కాళ్ళు చూసింది. చెంగుతో ఆ రక్తం తుడిచింది.

"తీరింది మరిదీ. కాలు ఇలగయ్యేలా తిరిగావు. పైకెల్లి దండం ఎట్టుకో."

"తీరలేదు."

"నానేదో నోరుజారి అన్నాను, బాబూ…"

"ఒకటే వచ్చింది వదినా. సగమే తిరిగింది అది."

ఉన్న మెట్టె విప్పి స్వామి హుండీలో వెయ్యమంది వదిన. ఆయన ముడి మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. కొండ ఎక్కకుండానే బస్సెక్కాడు.

ప్రతి పున్నమి వెళ్ళిన మర్నాడు నన్ను సంచిలో వేసుకుని ఆ ఒడ్డుకు వెళతాడు. బయటికి తీసి జాలరులకు చూపిస్తాడు. "ఇలాటిదే. కుడికాలిది." ఇప్పుడు వాళ్ళు నవ్వరు. కొట్టుకొచ్చిన కుడికాలి బూట్లన్నీ ఆయన కోసం దాచి ఉంచుతారు. ఆయన ఒక్కొక్కటీ తిరగేసి చూస్తాడు. "ఇది కాదు."

దొరకాలని ఆయనకు ఉందో లేదో నేను చెప్పలేను. దొరికితే మొక్కు తీరుతుంది. తీరితే ఆమె మాట ఒక్కటీ ఇంట్లో మిగలదు.

పొద్దున్నే ఎడమకాలికి నన్ను తొడుక్కుని, కుడికాలు ఉత్తదే పెట్టుకుని పరిగెడతాడు. ఊళ్ళో జనం నిద్రలోనే గుర్తుపడతారు. ఒక అడుగు మోగుతుంది, ఒక అడుగు మోగదు. ఊరికి అలవాటైంది. నాకు కాలేదు.