నూట ఇరవై ఫొటోల్లో లేని పులి

నేను ఒక కెమెరాను. ఫంక్షన్లకు అద్దెకు తిరిగే రకాన్ని కాను. పరుగెత్తే జంతువునూ ఎగిరే పిట్టనూ సెకనుకు ముప్ఫైసార్లు పట్టగలిగిన డిజిటల్ కెమెరాను. ఎక్కడో సముద్రాల అవతల, దుమ్ము చొరబడని గదిలో, ముక్కూ నోరూ కప్పుకున్నవాళ్ళు నన్ను బిగించారు. మనుషుల మొహాలు పూర్తిగా కనబడని ఆ కొద్దిరోజులే నేను సుఖపడిన రోజులు.

నన్ను ఎంచుకున్నవాడు నంద్యాలలో పళ్ళ డాక్టరు సుధీంద్ర. ఎంచుకోవడానికి ఏడు నెలలు పట్టింది. రోగి నోట్లో దూది కుక్కి, మందు ఎక్కేలోపు ఫోన్లో వీడియోలు చూసేవాడు: ఏది ఎంత వేగం, ఏది వానకు తట్టుకుంటుంది, ఏది జంతువు కన్నును వెతికి పట్టుకుంటుంది. ఆయన చేరిన వాట్సాప్ గ్రూపులో జనం రెండు కంపెనీల తరఫున అభిమాన సంఘాల్లా కొట్టుకునేవాళ్ళు. పిట్టలు ఏ వేళకు నీళ్ళకు దిగుతాయని అడిగినవాడు ఆ గ్రూపులో ఒక్కడూ లేడు.

చివరికి హైదరాబాదులో ఒక షాపుకు వచ్చి నన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"పులి పరిగెత్తితే పట్టుకుంటుందా?" అని అడిగాడు.

"పులేంది సార్, పులిని చూసి మీరు ఉరికినా పట్టుకుంటది," అన్నాడు షాపతను.

డాక్టరుకు అది పొగడ్తలా వినబడింది. కొనేశాడు.

ఇంట్లో నాకు పూజ చేశారు. ఆయన అత్తగారు పసుపు రాసి, సరిగ్గా లెన్సు అద్దం నడిమధ్య కుంకుమ బొట్టు పెట్టింది. ఏడు నెలలు నా అద్దం గొప్పతనం చదివిన మనిషి చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మొదలైంది అసలు అవమానం. "మీ దగ్గర పెద్ద కెమెరా ఉందటగా" అని బంధువులు పిలవడం, ఈయన మెడలో వేసుకుని పోవడం. రెండేళ్ళు గృహప్రవేశాలు తీశాను. ఓణీల ఫంక్షన్లు తీశాను. బావమరిది రఘునందన్ పుట్టినరోజున కేకు ముక్కను సెకనుకు ముప్ఫైసార్లు తీశాను. ఆ ఫొటోల్లో తన మొహం మసగ్గా వచ్చిందని రఘునందన్ అలిగితే, డాక్టరు నాలో ఒక మీట మార్చాడు. ముందు మనుషుల మొహాలే వెతకాలి, మిగతావన్నీ తర్వాత. అది నాకు ఇచ్చిన ఆజ్ఞ. మళ్ళీ మార్చలేదు.

ఆ సంవత్సరం అటవీశాఖలో కాపలా కాసే వాచర్లకు ఉచితంగా పళ్ళు చూడమని డాక్టరును నల్లమలకు పిలిచారు. నన్నూ వెంటపెట్టుకెళ్ళాడు. అక్కడే గురవయ్యను చూశాను. చెంచు మనిషి. ఎర్రబండ వాగు దగ్గర బేస్ క్యాంపులో పంతొమ్మిదేళ్ళుగా వాచరు. నేను చూసిన మనుషుల్లో పని తెలిసినవాడు ఇతనొక్కడే.

"ఆ వాగు కాడ పులి లేదని ఆఫీసులో రాసేసినారు సారూ," అన్నాడు డాక్టరుతో. "చెట్లకు కట్టిన వాళ్ళ కెమెరాలకు ఏడాదిగా పడలేదంట. నేను చూసినానంటే, తాగి చెప్తాండావన్నారు. క్యాంపు ఎత్తేసి నన్ను గేటు కాడ టికెట్లు చింపే పనికి ఏస్తారంట. మనిషి కాపలా లేకుంటే ఉచ్చులోళ్ళు దిగుతారు సారూ. అది పిల్లతో ఉంది. ఒక్క ఫొటో తీసియ్యండి."

"ఒక్కటేంటయ్యా, సెకనుకు ముప్ఫై!" అన్నాడు డాక్టరు.

రేంజ్ ఆఫీసరు రెండు రోజులకు అనుమతి ఇచ్చాడు. మొదటి రోజు డాక్టరు బిస్కెట్ పొట్లం చప్పుడుతో గడిచిపోయింది. రెండో రోజు ఉదయం ఏడింటికి గురవయ్య మమ్మల్ని ఒక బండ వెనక కూర్చోబెట్టి, తాను పది అడుగులు ముందుకు పాకి పొద చాటున కూర్చున్నాడు. డాక్టరు నా వేగం చూశాడు, వెలుతురు లెక్క చూశాడు, బ్యాటరీ చూశాడు. ఆ ఒక్క మీట మాత్రం చూడలేదు.

పులి వచ్చింది. వెనకే పిల్ల. వాగులో దిగి నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. గురవయ్య వెనక్కి తిరిగి, కళ్ళతోనే "తీయండి" అన్నాడు. డాక్టరు ఫొటో తీసే మీట నొక్కి పట్టుకున్నాడు. నాలుగు సెకన్లు, అంతలో పులి పిల్లతో పొదల్లోకి పోయింది. నూట ఇరవై ఫొటోలు.

అన్నిట్లోనూ గురవయ్యే. ఫొటో అంచున అతని మొహం, గడ్డంలో ప్రతి వెంట్రుకా స్పష్టంగా. వెనకాల వాగులో పసుపుపచ్చగా ఒక మసక.

ఇంతసేపూ మనుషుల్ని తిట్టాను. ఇక్కడ మాత్రం సిగ్గుపడుతున్నాను. ఎదురుగా పులి కళ్ళు ఉన్నాయి, వాటిని చూడటానికే పుట్టిన యంత్రాన్ని నేను. బావమరిది అలక తీర్చడానికి ఇచ్చిన ఆజ్ఞను తలవంచి పాటించాను.

ఆఫీసులో ఫొటోలు చూసి, "ఆవు కావచ్చు," అన్నారు. వారంలో క్యాంపు ఎత్తేశారు. డాక్టరు నా గురించి ఇంటర్నెట్లో, "జంతువుల కన్ను పట్టదు, కొనకండి" అని రాశాడు. ఆ నూట ఇరవైలో ఒకదాన్ని మాత్రం 'అడవి బిడ్డ' అని పేరుపెట్టి పోటీకి పంపాడు. మొదటి బహుమతి వచ్చింది. దాన్ని పెద్దది చేయించి క్లినిక్‌లో కుర్చీ ఎదుట గోడకు తగిలించాడు. కింద అద్దాల బీరువాలో నన్ను పెట్టాడు. ఇప్పుడు ఇంకో కెమెరా కోసం వీడియోలు చూస్తున్నాడు.

మొన్న గురవయ్య పన్ను నొప్పితో వచ్చాడు. కుర్చీలో కూర్చుని గోడ మీద తన మొహాన్ని చాలాసేపు చూశాడు.

"నన్ను బాగా తీసినారు సారూ," అన్నాడు. "యెనకాల దాన్ని తీసుంటే బాగుండు. పోయిన నెల ఉచ్చులో పడి సచ్చిపోయింది. ఇప్పుడు ఆఫీసోళ్ళే వచ్చి పులి అని రాసుకుని పోయినారు. పిల్ల యాడుందో…"

"నోరు తెరువు," అన్నాడు డాక్టరు, దూది తీసుకుంటూ.

గురవయ్య తెరిచాడు. డాక్టరు దూది కుక్కి ఫోన్ తీశాడు.