గొడ్రాలి బాయి

హనుమక్క మా ఆయనకు అక్క, నాకు వదిన. పిల్లలు పుట్టలేదని మొగుడు గుత్తిలో ఇంకొకతెను కట్టుకుంటే ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. ముదిగుబ్బ దగ్గర మా ఊరికి వచ్చేసి, పసుపు కుంకుమల కింద తండ్రి ఇచ్చిన రాళ్ల చేనులో బావి తవ్వడం మొదలుపెట్టింది. మా ఆయన లింగన్న గడ్డపార పట్టాడు, నేను మట్టి మోశాను, ఆమె రెండు పనులూ చేసింది.

ఊరి పెద్ద నరసింహప్ప ఒకరోజు దారిన పోతూ గట్టు మీద నిలబడి నవ్వాడు. గొడ్రాలు తవ్వితే బావి కూడా గొడ్డే పోతుందన్నాడు. పొద్దుగూకేసరికి ఊరంతా దాన్ని గొడ్రాలి బాయి అంటోంది. తర్వాత నీళ్లు పడ్డాయి, అదీ తియ్యటి నీళ్లు. అయినా పేరు మారలేదు. ఆ నీళ్లే తాగుతూ ఆ మాటే అనడానికి వీళ్లకు నోరెలా వస్తుందో అని నాకు ఒళ్లు మండిపోయేది. హనుమక్క అనే మనిషి ఒకతె ఉందన్న సంగతే జనం మరిచిపోయారు. శుభకార్యాలకు ఆమెనూ పిలవరు, ఆ పూట మాత్రం ఆమె బావి నీళ్లూ ముట్టరు.

యాభైల మొదట్లో వానలు మొహం చాటేసిన ఏడు చుట్టుపక్కల బావులన్నీ ఎండిపోయాయి. మా బావిలో మాత్రం ఊట ఆగలేదు. ఆ ఎండల్లోనే నరసింహప్ప ఇంట్లో మనవడు పుట్టాడు. మా ఊళ్లో పురుడు వెళ్లాక బాలింత బావికి పసుపు కుంకుమ పెట్టి, చేద వేసి, బిడ్డను చల్లగా చూడమని గంగమ్మను వేడుకోవాలి. బావి పేరు పెట్టి, నలుగురికీ వినపడేలా పిలవాలి. పేరు లేకుండా పిలిస్తే గంగమ్మ పలకదంటారు.

అందుకే నరసింహప్ప మా ఇంటికి వచ్చాడు. పసిబిడ్డ పేరంటంలో గొడ్రాలి మాట అశుభమన్నాడు. బావికి లక్ష్మీబావి అని పేరు పెడతానని, ఆ పేరుతో రాయి కూడా నాటిస్తానని చెప్పాడు. ఆ రోజు మాత్రం వదిన అటు రాకూడదట. పీడ వదిలింది, మంచి పేరు వస్తోందని నేను లోలోపల సంబరపడ్డాను కూడా. వదిన వేరుశెనక్కాయలు ఒలుస్తూనే ఉంది.

"గొడ్రాలి బాయని పేరు పెట్టినోడివి నువ్వే కదన్నా," అంది చివరికి. "అదే పేరు చెప్పుకొని ఊరంతా ఈ నీళ్లు తాగి బతకతాండారు. మార్చేది లేదు. నీ కోడలు వచ్చి ఆ పేరే పిలవల్ల. నేను గట్టు మీదనే కూచోనుంటా."

బండి కట్టి వేరే ఊరి బావికి తీసుకుపోతానని నరసింహప్ప విసురుగా లేచిపోయాడు. మమ్మల్ని ఊళ్లోంచి వెలేయిస్తాడేమోనని నేను భయపడ్డాను. వదిన మాత్రం బావి గట్టు శుభ్రంగా ఊడ్చి వచ్చింది.

బండి ఎక్కడికీ పోలేదు. మర్నాడు పొద్దెక్కాక ఆడవాళ్లంతా మా చేనికే వచ్చారు. ముందు నరసింహప్ప కోడలు నాగలక్ష్మమ్మ, ఆమె చేతుల్లో బిడ్డ. అందరికంటే వెనక నరసింహప్ప. నాగలక్ష్మమ్మ గట్టుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, వదిన వైపు చూసింది. నలుగురికీ వినపడేలా గొంతెత్తింది.

"గొడ్రాలి బాయి గంగమ్మా, నా బిడ్డను సల్లగా చూడు."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ మా మొహాన ఉమ్మినట్టు విన్న మాటకు ఆ పిల్ల దండం పెట్టింది. ఇలాంటి ఆడబిడ్డ ఉన్న ఇంటికి కోడలిగా వచ్చినందుకు ఆ పూట నేను తలెత్తుకుని నిలబడ్డాను.

చేదతో నీళ్లు తోడాలంటే రెండు చేతులూ కావాలి. పక్కన అంతమంది ముత్తైదువలు ఉండగా నాగలక్ష్మమ్మ బిడ్డను తీసుకెళ్లి వదిన ఒడిలో పెట్టింది. మా ఊళ్లో అంతవరకూ ఏ తల్లీ ఆ పని చేయలేదు. వదిన ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తర్వాత బిడ్డ తల కింద చెయ్యి సర్దుకుని, నరసింహప్ప వైపు తల తిప్పింది.

"ఎండ బిడ్డ కండ్లల్లో పడతాండాది. నీ రుమాలు ఇప్పి అడ్డం పట్టన్నా."

ఊరి ఆడవాళ్లంతా చూస్తుండగా నరసింహప్ప తలకు చుట్టిన రుమాలు విప్పాడు. కోడలు నీళ్లు తోడడం అయ్యేదాకా ఉత్త తలతో నిలబడి వాళ్లిద్దరికీ నీడ పట్టాడు.