మొప్పల కొఱకు వెదకిన తండ్రి

హేమంతదినావసానమున నస్తగిరిశిఖరావలంబియైన భాస్కరబింబము భీమునిపట్టణతీరసైకతముల నరుణవర్ణములు గావించుచుండగా జాలరులు వలలు దులిపికొని యిండ్లకు మరలుచుండిరి. ఆ వేళ కళాశాలయందు జంతుశాస్త్రము బోధించు పరాంకుశాచార్యులు తన యేకైకపుత్రిక వకుళను తొడపై బరుండబెట్టుకొని కఱ్ఱదెబ్బకు చచ్చిన పొడవైన జలచర మొకదానిని చేతబట్టి దాని మెడను పరీక్షించుచుండెను.

మధ్యాహ్నము మొదలు వారిద్దఱు నిసుకపై గీతలు గీచి దొరకిన ప్రాణులను వర్గములుగ వేఱుపఱచుచుండిరి. వెన్నెముక లేని శంఖములు పీతలు నక్షత్రమీనములు నొకప్రక్క. వెన్నెముక గలవానికి వేఱొకప్రక్క వరుసగా నైదుగీతలు. అందు చేపలగీత నిండెను; కప్పలగీతయు సరీసృపములగీతయు పక్షులగీతయు పాలిచ్చువానిగీతయు వట్టివిగా నుండెను. అంతలో జాలరులు విదిల్చిన యీ ప్రాణిని దూరమునుండి చూచి తోక తెడ్డువలె చదునుగా నుండుటచే పామువలె పొడవైన మలుగుచేప యని నిశ్చయించి "తెమ్ము తల్లీ, చేపల వరుస నుంచుము" అని యాచార్యులే పలికెను. తోకను జూచి వర్గము నిర్ణయింపరాదని యేటేట శిష్యులను గద్దించువా డాతడే.

వకుళ చేతబట్టగానే యది వ్రేలు కఱచెను; జాలరి యొకడు దానిని కఱ్ఱతో గొట్టి చంపెను. కాటు చీమకుట్టినంతయే యగుటచే బాలిక నవ్వినది. పిమ్మట మెడ బిగిసెను, ఱెప్పలు వాలెను, మాట ముద్దయయ్యెను. బండికై పోయిన యా జాలరి యింకను రాలేదు.

తలవెనుక మొప్పసందు కానవచ్చెనా యది చేప; బిడ్డ బ్రతుకును. లేకున్న సముద్రసర్పము, దాని విషమునకు విఱుగు డా సీమలో నే వైద్యుని యొద్దను లేదు. ఆచార్యు లుత్తరీయముతో దాని మెడ తుడిచెను, తిప్పెను, గోట గీచెను. ఒక్క చీలిక, గోరంత చీలిక, ఉండరాదా! ఆజన్మము పూజించిన శాస్త్రమంతయు నబద్ధమగుగాక యని యా తండ్రి దేవుని వేడుకొనెను.

"నాయనా, అది చేపయే కదా?"

"చేపయే తల్లీ. నిశ్చయముగా చేపయే."

వకుళ బరువెక్కిన ఱెప్ప లెత్తి చూచినది. "మఱి మొప్పలేవి?"

బాలిక యా కళేబరమును మెల్లగా నాతని చేతినుండి లాగి, చేపలగీతను దాటించి సరీసృపములగీతపై నుంచి "ఇక్కడ గదా నాయనా" అనెను.

ఆతడు బావురుమని బిడ్డను భుజమున వైచికొని బండి రాని బాటబట్టి పరుగెత్తెను. వెనుక పోటెత్తిన కడలి యొక్క తప్పును లేని యా వరుసలపైకి వచ్చి, వెన్నెముక గలవానిని లేనివానిని నొక్కటిగ గలుపుకొని మరలిపోయెను.